సాకే సీసాకు లేబుల్ ఉంది, కల్లు ముంతకు లేదు: మంచిది ఎట్లా ఎంచుకోవాలి?

ఇది ఈ వారం ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్. డేటా అయిపోయినవాళ్లు, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్లు హాయిగా ఇక్కడే చదువుకోవచ్చు.

మొదట రూల్ చెప్పేస్తా. ఆంధ్రప్రదేశ్‌లో మందుకు 21 ఏళ్లు నిండాలి. జపాన్‌లో 20. ఆ వయసు రానివాళ్లు కూడా ఈ ఎపిసోడ్ చదవండి, ఎందుకంటే మీ ఇంట్లో నాన్నో, మామో, తాతో తాగుతుండొచ్చు. చివర్లో చెప్పే రెండు విషయాలు వాళ్ల ప్రాణానికి సంబంధించినవి.

ఇక ప్రశ్న. జపాన్ ప్రాజెక్టులకు వెళ్లే మన ఐటీ పిల్లలు తరచుగా అడిగేది: "అన్నా, మంచి సాకే సీసా ఎట్లా ఎంచుకోవాలి?" దీనికి జవాబు 5 నిమిషాల్లో చెప్పొచ్చు. జవాబు సీసా మీదే అచ్చువేసి ఉంటుంది కాబట్టి. అదే ప్రశ్నను మన కల్లు గురించి అడగండి. మంచి కల్లు ఎట్లా ఎంచుకోవాలి? ముంత మీద ఏమీ రాసుండదు. తేదీ లేదు, శాతం లేదు, యాడిదో కూడా లేదు. ఈ రోజు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎందుకు పెడుతున్నానో మధ్యలో మీకే అర్థమవుతుంది.

సాకే సీసా ఏం చెబుతుంది

జపనీస్‌లో సాకే అంటే మామూలుగా ఏ మందైనా సాకేనే. మనం సాకే అని పిలిచే బియ్యం మందును వాళ్లు నిహోన్‌షు అంటారు. చాలామంది దీన్ని విస్కీలాగా కాచి దించింది అనుకుంటారు. కాదు. ఇది పులిసింది. ఆ లెక్కన విస్కీ కంటే మన కల్లుకే దగ్గరి చుట్టం.

తేడా ఒక్కటే. బియ్యంలో చక్కెర లేదు, పిండి ఉంది. ఈస్ట్ పిండిని తినలేదు. అందుకని ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజి అనే ఒక రకం బూజును పెంచుతారు. అది పిండిని చక్కెరగా మారుస్తుంటే, పక్కనే ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంటుంది. రెండు పనులూ ఒకే తొట్టిలో, ఒకేసారి. మల్టీ థ్రెడింగ్ అన్నమాట. ఈ కోజి విద్యను 2024 డిసెంబర్‌లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు లేబుల్. నాలుగు విషయాలు చూస్తే చాలు.

ఒకటి, జున్మాయ్ అనే మాట. ఇది ఉంటే బియ్యం, నీళ్లు, కోజి, ఈస్ట్ తప్ప బయటి ఆల్కహాల్ కలపలేదని అర్థం. లేకపోతే కొంచెం కలిపారని. కలిపితే చెడ్డదని కాదు, వాసన పైకి తేవడానికి కూడా కలుపుతారు. కానీ కలిపిన సంగతి మీకు తెలుస్తుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

రెండు, బియ్యం పాలిష్ శాతం. మన కర్నూలు సోనా మసూరి మిల్లుకు పోతే ఊక తీశాక తవుడు రూపంలో పదో వంతు దాకా పోతుంది. సాకే బియ్యాన్ని అంతకంటే శానా ఎక్కువ అరగదీస్తారు. గింజ పైపొరల్లో ఉండే ప్రోటీను, కొవ్వు రుచిని మొరటుగా చేస్తాయి కాబట్టి. లేబుల్ మీద 60 శాతం అని ఉంటే, గింజలో 60 శాతం మిగిలింది, 40 శాతం పోయింది అని. 60 లేదా అంతకంటే తక్కువ మిగిలితే గింజో. 50 లేదా అంతకంటే తక్కువైతే దైగింజో. నంబరు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. రుచి కూడా అట్లే పెరుగుతుందని గ్యారంటీ లేదు. మన కారానికి, మసాలాకు పూల వాసన వచ్చే దైగింజో కంటే మామూలు జున్మాయ్ బాగా నిలబడుతుందని నా అభిప్రాయం.

మూడు, నెల. చాలా సీసాల మీద ఎప్పుడు నింపారో ఉంటుంది. సాకే సాధారణంగా దాచేకొద్దీ గొప్పదయ్యే సరుకు కాదు. ఏడాది లోపుది తీసుకోండి. నామా అని రాసుంటే అది వేడిచేయని రకం, ఫ్రిజ్‌లోనే ఉండాలి. సూట్‌కేసులో పడేసి మన ఎండల్లోకి తెచ్చేది కాదు. ఇంటికి తెచ్చేవాళ్లు వేడిచేసిన మామూలు రకమే తెచ్చుకోండి. డ్యూటీ లేకుండా ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకే.

నాలుగు, ఆల్కహాల్ శాతం. ఇక్కడే అసలు మజా ఉంది. చవక సీసా అయినా, ఖరీదు సీసా అయినా ఎక్కువ శాతం 15, 16 దగ్గరే ఉంటాయి. అంటే అక్కడ ఎక్కువ డబ్బు పెట్టేవాడు ఎక్కువ కిక్కు కోసం పెట్టడం లేదు. రుచి కోసం, వాసన కోసం పెడుతున్నాడు. కిక్కు అనేది అక్కడ క్వాలిటీకి కొలత కాదు.

ఈ ఒక్క వాక్యం పట్టుకుని మన కల్లు దగ్గరికి వద్దాం.

కల్లు అంటే ఒక గడియారం

మాది ఆలూరు. మా వైపు తాటి కంటే వంకల పక్కన ఈత చెట్లే ఎక్కువ కనిపిస్తాయి. ఈతకు చలికాలం మంచి సీజన్, తాటికి చలికాలం చివరి నుంచి ఎండాకాలం. ఈత చెట్టుకు మొవ్వు కింద మానునే గీస్తారు. తాటికి గెలను గీస్తారు. గీసిన చోట నుంచి చుక్కచుక్కగా కుండలోకి దిగేది తియ్యటి నీళ్లు. అందులో దాదాపు పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే చక్కెర.

సాకేలో కోజి చేసే పని ఇక్కడ చెట్టే చేసి పెట్టింది. చక్కెర రెడీ. గాలిలో, కుండ గోడలకు ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా వెంటనే పని మొదలుపెడతాయి. రాత్రి కట్టిన కుండ పొద్దున దించేసరికే పులవడం మొదలై ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది. అట్లా దించిన దాన్నే నీరా అంటాం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో పోసేది ఇదే, ఆల్కహాల్ లేనిది.

సున్నం లేని కుండకు ఒక టైమ్‌లైన్ ఉంటుంది. పొద్దున తీపి. ఎండెక్కేకొద్దీ తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది. సాయంత్రానికి పులుపు ముదురుతుంది. ఇంకా వదిలేస్తే వెనిగర్ దారి పడుతుంది. మా ఆలూరు మే నెల ఎండలో ఈ గడియారం ఇంకా ఫాస్ట్‌గా తిరుగుతుంది. చెట్టు కల్లులో ఆల్కహాల్ మామూలుగా 4 నుంచి 6 శాతం మధ్య. అంటే బీరు లెవెల్. దానికదే అంతకంటే పెద్దగా పోదు.

ఈ రెండు నంబర్లు, గడియారం ఒకటి, శాతం ఒకటి, ఇవే మీ దగ్గర ఉన్న లేబుల్. వీటితో ఎంతవరకు కనిపెట్టొచ్చో చూద్దాం.

నాలుక కనిపెట్టగలిగింది

తీపి తగ్గాలి. ఇది మొదటి పరీక్ష. ఈస్ట్ చక్కెరను తింటుంది, శాకరిన్‌ను తినలేదు. మధ్యాహ్నం 3 గంటలకు, నీడలో కూడా చెమట పడుతున్నప్పుడు, పొద్దున దించామని చెప్పే కల్లు ఇంకా జ్యూస్ లాగా తియ్యగా ఉంటే అనుమానించండి. ఐసులో పెట్టి ఉంచితే తప్ప అట్లా ఉండదు.

నురగ చావకూడదు. నిజమైన కల్లు బతికున్న సరుకు, గ్యాస్ వస్తూనే ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ బాటిల్‌లో పోసి మూత బిగించి బైక్ డిక్కీలో పెట్టకండి, ఉబ్బి పేలుతుంది. అయితే నురగ ఉందంటే మంచిదే అనుకోవద్దు. నురగ తెప్పించడం కూడా తెలిసిన విద్యే.

మూడోది కిక్కు. బీరంత శాతం ఉన్న డ్రింక్ ఒక గ్లాసు తాగితే మనిషి మాట ముద్దగా రావడం, కూర్చున్న చోటే గంటలు గంటలు నిద్రపోవడం జరగదు. జరిగిందంటే అది చెట్టు పని కాదు. చెట్టుకు అంత శక్తి లేదు.

నాలుక కనిపెట్టలేనిది

ఇక సీరియస్ భాగం. కల్తీ కల్లులో కలిపేవిగా మన రెండు రాష్ట్రాల్లో ఏళ్లుగా కేసుల్లో బయటపడుతున్న పేర్లు మూడు: క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రజోలం. మూడూ నిద్రపుచ్చే మందులే. డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సినవి.

అల్ప్రజోలం లెక్క చూడండి. మందుల షాపులో దొరికే చిన్న మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు. అంటే 1 గ్రాము పొడి 4000 మాత్రలకు సమానం. చెంచా మూలలో పట్టేంత. పైగా అది నీళ్లలో సరిగా కరగదు. డ్రమ్ములో వేసి కర్రతో కలిపితే అంతా సమంగా కలవదు. ఒక గ్లాసులోకి కొంచెం, ఇంకో గ్లాసులోకి పది రెట్లు రావచ్చు. ఒకే డ్రమ్ములో తాగిన ఇద్దరిలో ఒకడు నడిచి ఇంటికి పోతే, ఇంకొకడు ఐసీయూకు పోవడం అందుకే జరగొచ్చు. ఆల్కహాల్, ఈ మందు రెండూ కలిసి ఊపిరి తీసుకోవడాన్నే మందగింపజేస్తాయి. ప్రాణం పోయేది అక్కడే.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు. కల్లు శాంపిళ్లలో అల్ప్రజోలం బయటపడింది. వాళ్లలో ఎక్కువమంది రోజుకూలీకి పోయేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. వాళ్లకు ఎవరికీ రుచిలో తేడా తెలియలేదా అని మీరు అడగొచ్చు. నిజం ఏంటంటే, ఇంత చిన్న మోతాదును రంగు చూసి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని కనిపెట్టడం ఎవరివల్లా కాదు. చేదు ఉన్నా శాకరిన్ తీపి కప్పేస్తుంది. కనిపెట్టగలిగేది ల్యాబ్ మాత్రమే. "కల్లులో అగ్గిపుల్ల వేసి చూడండి, నిమ్మకాయ పిండి చూడండి" అంటూ వాట్సాప్‌లో తిరిగే చిట్కాలను నమ్ముకుని గ్లాసు ఎత్తకండి.

ఎందుకు కలుపుతారు: ఒక చిన్న లెక్క

మోసం చేసేవాళ్లు చెడ్డవాళ్లు అని తిట్టేసి ఎపిసోడ్ ముగించొచ్చు. కానీ సిస్టమ్ ఎట్లా పనిచేస్తుందో చూడకపోతే మనకు ఏమీ అర్థం కాదు.

ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. ఈతకైతే మధ్యలో రోజులు విరామం కూడా ఇవ్వాలి, లేకపోతే చెట్టు చచ్చిపోతుంది. ఊరికే అనుకుందాం, ఒక అంగడి వెనక 30 చెట్లు, చెట్టుకు 3 లీటర్లు. మొత్తం 90 లీటర్లు. ఆ అంగడి పండగ రోజు 600 లీటర్లు అమ్మింది. మిగతా 510 లీటర్లు యాడ నుంచి వచ్చాయి? నీళ్లు పోస్తే పల్చబడుతుంది. తీపి పోతుంది, శాకరిన్ వేస్తారు. ఘాటు పోతుంది, తాగినవాడికి ఏమీ ఎక్కదు, రేపు రాడు. అప్పుడు మత్తుమందు వేస్తారు. చెట్లు లేని ఊళ్లో, చెట్లు కొట్టేసి ప్లాట్లు వేసిన సిటీలో ఏడాది పొడుగునా కల్లు పారుతోందంటే వెనక ఈ లెక్కే నడిచే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు సాకే దగ్గర ఆపిన వాక్యం గుర్తు చేసుకోండి. అక్కడ కిక్కు క్వాలిటీకి కొలత కాదు. ఇక్కడ మనం అంగడికి పోయి అడిగే మొదటి మాట ఏంటి? "ఎక్కుతుందా?" ఎక్కేదాన్నే మంచి కల్లు అంటున్నాం. ఎక్కనిదాన్ని నీళ్ల కల్లు అంటున్నాం. చెట్టు ఇచ్చే 5 శాతాన్ని అసలు కల్లు అని ఒప్పుకోని కస్టమర్, తనకు తెలియకుండానే కల్తీకి ఆర్డర్ పెడుతున్నాడు. నిజాయితీగా గీసే ఈడిగ అన్న కల్లు "ఎక్కడం లేదు" అని మూలన పడితే, ఓడిపోయేది అతనే.

మా వైపు గీసే ఒక తాతను మంచి కల్లు గుర్తు ఏంటని అడిగితే ఆయన నవ్వి, "చెట్టు కాడికి రా నాయనా, అంగడి కాడ ఏం తెలుస్తాది" అన్నాడు. నేను 20 నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

మరి ఎంచుకునేది ఎట్లా

లేబుల్ లేని చోట మనమే లేబుల్ తయారు చేసుకోవాలి. ఇదీ నా చెక్‌లిస్ట్.

చెట్టు కనపడాలి. కుండ చెట్టు దిగడం మీరు చూసి, ఆ కుండలోనుంచే పోయించుకోవడం అన్నిటికంటే గట్టి సాక్ష్యం. డ్రమ్ములో వచ్చింది, ఆటోలో వచ్చింది, ప్యాకెట్‌లో వచ్చింది అంటే మధ్యలో ఎన్ని చేతులు మారిందో మీకు తెలియదు.

మనిషి తెలియాలి. మన రాష్ట్రంలో కల్లు గీత సహకార సంఘాలకు, సొంతంగా గీసుకునే కార్మికులకు లైసెన్సులు ఉంటాయి. వాళ్లకు ఫలానా చెట్లు అని కేటాయింపు ఉంటుంది. "నీ చెట్లు ఎన్ని, యాడ ఉన్నాయి?" అని అడగండి. ఇది మర్యాద తక్కువ ప్రశ్న కాదు. నిజంగా గీసేవాడు ఈ ప్రశ్నకు సంతోషపడతాడు, చెట్టు చెట్టుకూ కథ చెబుతాడు. తడబడేవాడు తడబడతాడు.

టైము చూడాలి. పొద్దున దించింది పొద్దునే. సీజన్ కూడా చూడాలి. సీజన్ కాని రోజుల్లో, చెట్లు లేని చోట కావలసినంత దొరికితే లెక్క మళ్లీ వేసుకోండి.

కుండకు మూత చూడాలి. రాత్రిళ్లు గబ్బిలాలు ఈ తీపి కోసం కుండల మీద వాలుతాయి. బంగ్లాదేశ్‌లో ఖర్జూర జాతి చెట్టు పచ్చి రసం తాగినవాళ్లకు గబ్బిలాల ద్వారా నిపా వైరస్ సోకిన ఘటనలు చాలాసార్లు జరిగాయి. మన ఈత కూడా ఆ జాతి చెట్టే. అక్కడ వెదురు తడికలు కట్టి కుండను కాపాడుకోవడం నేర్చుకున్నారు. కుండ మీద గుడ్డో, జాలీయో ఉంటే ఆ గీసే మనిషికి శుభ్రం తెలుసని కూడా అర్థం.

ఇవేవీ కుదరకపోతే? తాగకపోవడం కూడా ఒక ఎంపికే. ఇంకో మాట, కల్లు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయని, ఒంటికి చలువ అని చెప్పి చిన్నపిల్లలకు కూడా పోస్తుంటారు. పులిసిన కల్లులో ఉన్నది ఆల్కహాల్. అది మందు కాదు. రాళ్లకు డాక్టరు ఉన్నాడు.

ప్రాణానికి సంబంధించిన రెండు విషయాలు

మొదటిది. కల్లు తాగిన మనిషి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, గురక వింతగా వస్తున్నా "పడుకోనీలే, దిగిపోతుంది" అనుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం ఏదీ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేయండి. ఏం తాగాడో, ఎన్నింటికి తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మిగిలిన కల్లు ఉంటే ఒక సీసాలో వెంట తీసుకుపోండి. పరీక్షకు పనికొస్తుంది, ఎక్సైజ్ వాళ్లకు సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

రెండోది శానామందికి తెలియదు. రోజూ కల్తీ కల్లు తాగే మనిషి శరీరం ఆ నిద్రమందుకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడటం, చివరికి ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో అంగళ్లు ఒక్కరోజులో మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇట్లాంటి రోగులు ఒక్కసారిగా పోటెత్తారు. ఇంట్లోవాళ్లు దెయ్యం పట్టిందనో, పిచ్చి పట్టిందనో అనుకుంటారు. అది మందు దొరక్కపోవడం వల్ల వచ్చే జబ్బు, దానికి వైద్యం ఉంది. మీ ఇంట్లో రోజూ తాగే పెద్దాయన ఉంటే, ఈ ఎపిసోడ్ చూపించి "రేపటి నుంచి బంద్" అనకండి. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి, డాక్టరు చూస్తుండగా మెల్లగా మాన్పించాలి. ఫోన్‌లో తెలుగులో మాట్లాడాలంటే టెలి మానస్ నంబరు 14416.

ఇంతే ఫ్రెండ్స్. జపాన్ షాపులో నిలబడితే లేబుల్ చదవండి: జున్మాయా కాదా, ఎంత పాలిష్, ఏ నెల. మన చెట్టు కింద నిలబడితే అడగండి: ఏ చెట్టు, ఎన్నింటికి దించారు, ఎన్ని చెట్లు. రెండు చోట్లా "ఎంత ఎక్కుతుంది" అనే ప్రశ్నను జేబులోనే పెట్టుకోండి.

ఈ టెక్స్ట్ లింకును మీ ఊరి గ్రూపులో వేయండి. ముఖ్యంగా ఆ రెండు విషయాలున్న చివరి భాగం స్క్రీన్‌షాట్ తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.